కిశోర నవలకు వికీ పేజీ: కథ తీసేస్తే ఏం మిగులుతుంది?

ఇంగ్లీషు వికీపీడియాలో తొలగింపు చర్చలు, అంటే ఒక పేజీని ఉంచాలా తీసేయాలా అని అక్కడ రాసేవాళ్లు వాదించుకునే చర్చలు, చదవడం నాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఈ మధ్య అక్కడ ఒక టీనేజ్ నవల మీద నడిచిన చర్చ చదివాక అది మనసులో చాలా రోజులు నలిగింది. నవల పేరు చెప్పను. రాసినావిడ ఇప్పుడిప్పుడే పేరు తెచ్చుకుంటోంది, ఆ చర్చ ఆమె కంట పడే ఉంటుంది. ఒకాయన రెండు సమీక్షల లింకులిచ్చి పేజీ ఉంచమన్నారు. ఇంకొకాయన అవి అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ వచ్చే చిన్న సమీక్షలనీ, వాటిని లెక్కలోకి తీసుకోకూడదనీ వాదించారు. మధ్యలో ఒక టీచరమ్మ వచ్చి, తన స్కూల్లో పిల్లలు ఆ పుస్తకం కోసం లైబ్రరీలో పేర్లు రాయించుకుని మరీ ఎదురుచూస్తున్నారని రాశారు. ఆవిడ మాటకు ఎవరూ బదులివ్వలేదు. వారం గడిచింది, పేజీ పోయింది. ఇప్పుడు ఆ నవల పేరు నొక్కితే రచయిత్రి పేజీకి వెళ్తుంది.

ఆ టీచరమ్మకు ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సింది. నాకు తోచిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక నవలకు విడిగా పేజీ ఉండాలా వద్దా అన్నది, ఆ నవల ఎంత బాగుందో, ఎంతమంది చదివారో చూసి తేల్చే విషయం కాదు. పేజీలోంచి కథాసారాంశం మొత్తం తీసి పక్కన పెట్టండి. ఆ పుస్తకంతో ఏ సంబంధమూ లేనివాళ్లు రాసినదాన్ని పట్టుకుని కనీసం రెండు నిండైన పేరాలు రాయగలిగితే పేజీ ఉండాలి. రాయలేకపోతే, ఎంత ప్రేమించిన పుస్తకమైనా సరే, దాని గురించిన నాలుగు మాటలు రచయిత పేజీలో ఉంటే చాలు. రెండు స్వతంత్ర సమీక్షలు, పెద్ద అవార్డు, సినిమా, పాఠ్యాంశం అంటూ ఇంగ్లీషు వికీలో ఉన్న నియమాలన్నీ చివరికి ఈ ప్రశ్ననే వేరువేరు దారుల్లో అడుగుతున్నాయని నా నమ్మకం.

ఎంతమంది చదివారన్న లెక్క

నా మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తనకు ప్రాణమైన ఒక ఇంగ్లీషు నవల మీద పేజీ మొదలుపెట్టింది. ఐదు పేరాలు రాసింది, ఐదూ కథే. ఎవరు ఎవరిని ప్రేమించారు, ఎవరు చనిపోయారు, చివరి అధ్యాయంలో దొరికిన ఉత్తరం ఎవరు రాసింది, అన్నీ ఉన్నాయి. కింద మూలాల దగ్గర రెండు లింకులు. ఒకటి పుస్తకం అమ్మే సైటు, రెండోది రచయిత్రి సొంత సైటు. ఈ పేజీని తొలగించాలన్న ప్రతిపాదన పెట్టె (తొలగింపు మూస) పైన పడగానే నాకు ఫోన్ చేసింది.

"అత్తా, గుడ్‌రీడ్స్‌లో దీనికి వేల రేటింగులున్నాయి. అంతమంది చదివిన పుస్తకానికి పేజీ ఎందుకు వద్దంటున్నారు?"

"ఆ రేటింగులు చూసి నువ్వు పేజీలో ఏ వాక్యం రాయగలవు, చెప్పు."

"చాలామందికి నచ్చిందని."

"ఎందుకు నచ్చిందట?"

"నాకెందుకు నచ్చిందో రాస్తా."

"అది నీ పేరుతో ఎక్కడైనా రాయి, తప్పకుండా రాయి. ఇక్కడ మాత్రం ఇంకొకరు ఎవరైనా రాసి ఉండాలి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా వయసువాళ్లు పేపర్లలో రాయరు కదా అత్తా" అంది.

అది గట్టి మాట. టీనేజ్ నవలను ప్రాణం పెట్టి చదివేవాళ్లకు పదిహేను, పదహారేళ్లు. వాళ్ల ఇష్టమంతా రేటింగుల్లో, చిన్న వీడియోల్లో, ఆ పాత్రలతో సొంతంగా అల్లుకునే కథల్లో కనిపిస్తుంది. విజ్ఞాన సర్వస్వం లెక్కలోకి తీసుకునే చోట్ల రాసేవాళ్లేమో నలభై దాటినవాళ్లు. అంటే ఒక పుస్తకం ఎవరికోసం పుట్టిందో వాళ్ల మాటకే అక్కడ విలువ లేదు. పెద్దల నవలలకు ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు, వాటి పాఠకులూ విమర్శకులూ ఒకే వయసువాళ్లు కాబట్టి. ఈ తేడా నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

అయినా అంకెలను నమ్మమంటే మాత్రం నేను ఒప్పుకోను. 2017 ఆగస్టులో 'హ్యాండ్‌బుక్ ఫర్ మోర్టల్స్' అనే నవల న్యూయార్క్ టైమ్స్ వారి టీనేజ్ హార్డ్‌కవర్ బెస్ట్ సెల్లర్ జాబితాలో నేరుగా మొదటి స్థానంలోకి వచ్చి కూర్చుంది. అప్పటిదాకా అక్కడ ఉన్నది ఆంజీ థామస్ రాసిన 'ద హేట్ యు గివ్'. ఆ కొత్త పుస్తకం పేరు టీనేజ్ సాహిత్యంలో మునిగితేలేవాళ్లు కూడా విని ఉండలేదు. వాళ్లలోనే కొందరు ట్విట్టర్‌లో కూపీ లాగడం మొదలుపెట్టారు. పుస్తకాల షాపుల్లో పనిచేసేవాళ్లు ముందుకొచ్చి చెప్పారు. ఎవరో ఫోన్ చేసి, మీ షాపు అమ్మకాల లెక్కలు టైమ్స్‌కు వెళ్తాయా అని అడిగారట, వెళ్తాయనగానే పెద్ద మొత్తంలో ఆర్డరు పెట్టారట. చూస్తుండగానే టైమ్స్ జాబితాను సవరించి ఆ నవలను తీసేసింది, 'ద హేట్ యు గివ్' తిరిగి తన చోటికి వచ్చింది.

ఇంగ్లీషు వికీలో ఆ నవలకు పేజీ ఉంది. ఉండాలనే నేనూ అంటాను. దాంట్లోంచి కథ తీసేసినా పేజీ కుంగిపోదు. ఆ వారం జరిగినదాని మీద పెద్ద పెద్ద పత్రికలు వివరంగా రాశాయి, జాబితాలు ఎలా తయారవుతాయన్న చర్చ నడిచింది. గొడవ జరిగిన పుస్తకానికి పేజీ ఇచ్చి, నిజాయితీగా రాసిన మంచి పుస్తకానికి లేదనడం అన్యాయం కాదా అని అడగవచ్చు. బాధగానే ఉంటుంది. కానీ పేజీని బహుమతిగా చూసినప్పుడే అది అన్యాయంగా కనిపిస్తుంది. పేజీ అంటే మెచ్చుకోలు కాదు, ఒక విషయం గురించి నమ్మదగ్గ సమాచారం ఎంత ఉందో అంత ఒకచోట పెట్టడం. ఆ నవల విషయంలో సమాచారం దండిగా ఉంది.

రెండు వందల మాటల సమీక్ష

అసలు తగాదా అంతా ఇక్కడే. అమెరికాలో టీనేజ్ పుస్తకాల గురించి ఏడాది పొడుగునా శ్రద్ధగా రాసేది ఎక్కువగా లైబ్రేరియన్లు. 'స్కూల్ లైబ్రరీ జర్నల్', 'బుక్‌లిస్ట్', 1924 నుంచి వస్తున్న 'హార్న్ బుక్' వంటి పత్రికలు చూసే లైబ్రరీలు ఏ పుస్తకాలు కొనాలో తేల్చుకుంటాయి. 1933లో మొదలైన 'కర్కస్', ఇంకా పాతదైన 'పబ్లిషర్స్ వీక్లీ' పుస్తకం మార్కెట్లోకి రాకముందే సమీక్ష వేస్తాయి. కర్కస్ సమీక్ష చూసినవాళ్లకు దాని తీరు తెలుసు. రెండు మూడు వందల మాటలుంటుంది, చివర ఒక్క వాక్యంలో తీర్పు, దాని పక్కన పుస్తకం రకం, ఏ వయసువాళ్లకన్నది. స్కూల్ లైబ్రరీ జర్నల్ అయితే ఏ తరగతి నుంచి పైవాళ్లు చదవవచ్చో మొదట్లోనే చెప్పేస్తుంది.

వీటిని ఒప్పుకోనివాళ్ల వాదనలో పస లేకపోలేదు. ఈ పత్రికలు ఏటా వేల పుస్తకాలను సమీక్షిస్తాయి. అక్కడ సమీక్ష వచ్చిందంటే ఆ పుస్తకం ప్రత్యేకమైనదని అర్థం కాదు, పేరున్న ప్రచురణకర్త నుంచి సమయానికి కాపీ వెళ్లిందని మాత్రమే అర్థం. ఆ రెండు వందల మాటల్లో సగం కథే ఉంటుంది. పైగా కర్కస్‌కు ఇంకో విభాగం ఉంది, సొంతంగా అచ్చు వేసుకున్నవాళ్లు డబ్బు కట్టి సమీక్ష రాయించుకోవచ్చు. ఈ రెండో రకాన్ని లెక్కలోంచి తీసేయాలనడంలో నాకు సందేహం లేదు.

మిగతావాటిని మూకుమ్మడిగా కొట్టిపారేస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. పిల్లల పుస్తకాలను పెద్ద పత్రికలు పట్టించుకోని రోజుల్లో వాటిని వరుసపెట్టి చదివి, ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పింది లైబ్రేరియన్లే, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆ రాతలు చిన్నవని విమర్శ కాదంటే, ఈ సాహిత్యానికి విమర్శే లేదన్నట్టు అవుతుంది. 1978లో ఇద్దరు లైబ్రేరియన్లు మొదలుపెట్టిన 'వాయిస్ ఆఫ్ యూత్ అడ్వొకేట్స్' పత్రిక ప్రతి పుస్తకానికీ రెండు మార్కులు విడివిడిగా వేసేది. ఒకటి రచన నాణ్యతకు, ఇంకొకటి పిల్లలు ఎంతగా చదువుతారన్నదానికి, రెండూ అయిదుకే. నాణ్యతలో అయిదు తెచ్చుకున్న పుస్తకానికి ఆదరణలో రెండే రావచ్చు, అటుదిటు కూడా కావచ్చు. ఆ రెంటినీ కలిపేయకూడదని అంత స్పష్టంగా తెలిసినవాళ్ల రాతను తూకం వేసేటప్పుడు మనమూ కొంచెం ఓపిక చూపించాలి.

నేనైతే సమీక్ష ఎన్ని మాటలుందో చూడను. ప్రింటు తీసి, కథ చెప్పే వాక్యాలన్నీ పెన్సిలుతో కొట్టేసి, మిగిలింది చదువుతాను. మొదట చెప్పిన చర్చలో లింకులిచ్చిన రెండు సమీక్షలనూ ఇలాగే చూశాను. మొదటిదాంట్లో కొట్టివేతలు పోగా మిగిలింది, కథనం వేగంగా సాగుతుందనీ ఈ రకం నవలలు ఇష్టపడేవాళ్లకు నచ్చుతుందనీ చెప్పే ఒకటిన్నర వాక్యం. ఆ మాట ఏ పుస్తకానికైనా సరిపోతుంది. రెండోది నయం. నత్తి ఉన్న కథానాయిక మాటలను రచయిత్రి అక్షరాలు సాగదీసి రాయకుండా, ఆమె చెప్పాలనుకుని మానేసిన మాటలను వేరే అచ్చులో వేసిందనీ, అది మొదటి సగంలో బలంగా ఉండి తర్వాత వదులైపోయిందనీ రాసింది సమీక్షకురాలు. ఆ నాలుగు వాక్యాలతో ఒక మంచి పేరా అవుతుంది. రెండో పేరాకు సరుకు లేదు. అందుకే ఆ చర్చలో తేలిన ఫలితంతో నేను ఏకీభవిస్తున్నాను. అక్కడ నడిచిన వాదనతో కాదు. చిన్న సమీక్షలకు విలువ లేదన్న కారణంగా ఆ పేజీ పోకూడదు. ఇలాంటి నాలుగు వాక్యాలు ఇంకొక చోట దొరికి ఉంటే నేను ఉంచమనే రాసేదాన్ని.

పిల్లల ఇష్టం రికార్డు కావడం

ఇక టీచరమ్మ మాట. పిల్లలు పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నారన్నది చిన్న విషయమేమీ కాదు. ఎస్. ఇ. హింటన్ టీనేజీలోనే రాసిన 'ది అవుట్‌సైడర్స్' 1967లో వచ్చింది. అమెరికాలో టీనేజ్ నవల అనే శాఖ గురించి ఎవరు మాట్లాడినా అక్కణ్ణుంచే మొదలుపెడతారు. దానిమీద 1983లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా సినిమా తీశాడు. అది తీయమని అడిగింది ఎవరో పెద్ద నిర్మాతలు కారు. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర ఒక చిన్న స్కూలు పిల్లలూ, వాళ్ల లైబ్రేరియనూ కలిసి సంతకాలు పెట్టి ఆయనకు ఉత్తరం రాశారు. సినిమాను ఆ స్కూలుకు అంకితమిచ్చారు కూడా.

ఆ పిల్లల ఇష్టం ఇవాళ విజ్ఞాన సర్వస్వంలో ఒక వాక్యంగా ఉంది. ఉత్తరం ఉంది, అంకితం ఉంది, దాని గురించి రాసిన పత్రికలున్నాయి, అందుకని ఉంది. అంతకన్నా ఎక్కువగా ఇంకో పుస్తకాన్ని ప్రేమించిన పిల్లలు ఏదో ఒక స్కూల్లో ఉండే ఉంటారు. వాళ్ల గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు కాబట్టి మనకు తెలియదు. తొలగింపు చర్చలో టీచరమ్మ చెప్పిన మాట నిజమే అయి ఉంటుంది, కానీ ఆ చర్చ ఆ మాటకు సరైన చోటు కాదు. తన క్లాసులో ఆ నవల ఎలా చదివించారో, నత్తి ఉన్న అమ్మాయి కథ విని పిల్లలు ఏం మాట్లాడుకున్నారో ఆవిడ ఏ లైబ్రరీ పత్రికకో, ఉపాధ్యాయుల పత్రికకో రాసి పంపి ఉంటే, సంపాదకులు దాన్ని చదివి అచ్చు వేసి ఉంటే, నేను వెతుకుతున్న రెండో పేరా అక్కడే దొరికేది. ఆ మాట ఆవిడతో ఒక్కరూ అనకపోవడమే నన్ను బాధపెట్టింది.

మన దగ్గర ముందుమాటలు

తెలుగు వికీపీడియాలో ఇదే లెక్క వేయబోతే ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. అవార్డుల దాకా సులువే. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. తెలుగులో తొలి పురస్కారం కలువకొలను సదానంద 'అడవితల్లి' నవలకు వచ్చింది, 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ 'మాయాలోకం' నవలకు వచ్చింది. ఇలాంటి పుస్తకానికి పేజీ పెడితే వద్దనేవాళ్లు ఉండరు. కానీ అవార్డు వచ్చిందన్న వాక్యం తర్వాత ఏం రాయాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఆ మధ్య అవార్డులేవీ రాని ఒక కిశోర నవలను పట్టుకుని ఆధారాలు వెతికాను. ఒక దినపత్రిక ఆదివారం సంచికలో 'స్వీకారం' శీర్షిక కింద పేరు, పేజీలు, వెల, 'ప్రతులకు' అంటూ ఫోన్ నంబరు ఉన్నాయి. జిల్లా పేజీలో ఆవిష్కరణ సభ వార్త ఉంది. అధ్యక్షత వహించింది ఎవరు, ఆవిష్కరించింది ఎవరు, తొలి ప్రతి అందుకున్నది ఎవరు, శాలువా కప్పింది ఎవరు అన్నీ ఉన్నాయి. పుస్తకం గురించి మాత్రం, నేటి బాలలకు ఎంతో ఉపయోగపడుతుందని వక్తలు కొనియాడారు అన్న ఒక్క వాక్యం. చివరికి పుస్తకం తెరిస్తే లోపల మూడు ముందుమాటలు. వాటిలో ఒకటి తెలిసిన విమర్శకుడిది, నాలుగు పేజీలు. చెరువు ఎండిపోయిన ఊరిని పిల్లవాడి కళ్లతో చూపించడంలో ఏం సాధించారో, చివరి అధ్యాయాలు ఎందుకు తొందరపడినట్టు అనిపిస్తాయో ఎంతో చక్కగా రాశారు. నేను వెతుకుతున్న సమీక్ష అదే, కాకపోతే అది ఆ పుస్తకంలోనే ఉంది.

దాన్ని లెక్కలోకి తీసుకోవాలా? చాలా తర్జనభర్జన పడ్డాను. తెలుగులో మంచి విమర్శ ఎంతో ముందుమాటల్లోనే ఉండిపోయింది, వాటిని పక్కన పెడితే మన విమర్శలో పెద్ద భాగాన్ని పక్కన పెట్టినట్టే. ఆ విమర్శకుడు లోపం కూడా చెప్పాడు, భజన చేయలేదు. ఇంతా ఆలోచించి కూడా వద్దనే అనుకున్నాను. ముందుమాట రచయిత అడిగితే రాసేది. పుస్తకం నచ్చని పెద్దమనిషి ఏదో సాకు చెప్పి తప్పుకుంటాడు, ఆయన మాట మనకు ఎక్కడా దొరకదు. అంటే ముందుమాటలో కనిపించేది ఎప్పుడూ ఒక వైపే. పేజీ ఉండటానికి వేరే ఆధారం ఉంటే, లోపల ఆ నాలుగు పేజీల్లోంచి ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చు. పేజీ ఉండాలనడానికి మాత్రం అదొక్కటే ఆధారం కాకూడదు.

తెలుగులో మూలాలు తక్కువ కాబట్టి నియమం సడలించాలని వాదించే మిత్రులున్నారు. ఏ భాష వికీ నియమాలు ఆ భాషవాళ్లే పెట్టుకుంటారు కాబట్టి అలా చేయవచ్చు కూడా. వెతకడం దగ్గర నేనూ వాళ్లతోనే ఉన్నాను. నెట్‌లో దొరకలేదంటే లేదని కాదు. పాత వారపత్రికల్లో వచ్చిన సమీక్ష కోసం వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం దాకా వెళ్లాల్సి రావచ్చు, అందుకు వారం గడువు ఏ మూలకూ చాలదు, నెలలైనా ఆగాలి. ఈమాట వంటి సంపాదకులున్న వెబ్ పత్రికలో వచ్చిన సమీక్షను వెబ్‌లో వచ్చింది కదా అని తీసిపారేయకూడదు. గడువు దగ్గర, వెతికే చోటు దగ్గర ఎంతైనా సడలించండి. బయటివాడి మాట ఒకటుండాలన్న దగ్గర సడలిస్తే, పేజీల నిండా మనం రాసుకున్న కథాసారాంశాలే మిగులుతాయి. అట్ట వెనక రాసినదానికీ దానికీ తేడా ఉండదు.

తీసేయకుండా కలపడం

పేజీ వద్దని తేలినప్పుడు మొత్తం చెరిపేయనక్కర్లేదు. ఆ పేరు నొక్కితే వేరే పేజీకి వెళ్లేలా దారిమార్పు చేస్తే పాత కూర్పులన్నీ పేజీ చరిత్రలో భద్రంగా ఉంటాయి, రేపు మంచి సమీక్ష వస్తే ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. మూడు నవలల వరుసలో మూడోదానికి విడిగా ఎవరూ ఏమీ రాయకపోతే, వరుస మొత్తానికి ఒక పేజీ సరిపోతుంది. మొదటిది ప్రసిద్ధమైనంత మాత్రాన మూడోది దానంతట అది ప్రసిద్ధం కాదు. రచయితకు పేజీ లేకపోతే, ఉన్న సమాచారమంతా ఆ ఒక్క పుస్తకం చుట్టూనే ఉంటే, పుస్తకానికే పేజీ పెట్టి రచయిత సంగతి అందులో రాయడం మేలు.

మేనకోడలి పేజీని రచయిత్రి పేజీలోకి కలిపేశాం. ఐదు పేరాల్లోంచి రెండు వాక్యాలు అక్కడికి వెళ్లాయి. వాటికి ఆధారం తనే వెతికింది. బుక్‌లిస్ట్ సమీక్ష చదివి, "అత్తా, వీళ్లు చివరి అధ్యాయం నచ్చలేదంటున్నారు, అది కూడా రాయాలా?" అని అడిగింది. రాయాలన్నాను. రాసింది కానీ ముఖం మాడ్చుకునే రాసింది.

తెలుగు వికీలో మాత్రం కలపడానికి చాలాసార్లు చోటే ఉండదు. మొదటి నవల రాసిన టీచరుకు పేజీ ఉండదు, చిన్న ప్రచురణ సంస్థకూ ఉండదు. అలాంటి పుస్తకాలకు తెలుగు కిశోర నవలల జాబితా పేజీ ఒకటి పెట్టి, పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, ఉంటే సమీక్ష ఎక్కడ వచ్చిందో రాస్తే బాగుంటుందని తెలుగు వికీ సభ్యుల చర్చావేదిక అయిన రచ్చబండలో అడగబోతున్నాను. జాబితాలో చేరడానికి సమీక్ష అక్కర్లేదు, పుస్తకం అచ్చయిందని ఏదైనా లైబ్రరీ కేటలాగులో ఉంటే చాలు. సమీక్ష గడి ఖాళీగా ఉన్న పుస్తకాలు ఏవో అందరికీ కనిపిస్తాయి, రాయగలిగినవాళ్లు వాటిలో ఒకటి తీసుకుని ఏదైనా పత్రికకు రాయవచ్చు. చెరువు ఎండిపోయిన ఊరి నవలకు నేను రాయడం మొదలుపెట్టాను. అది అచ్చయితే ఆ పేజీ నేను పెట్టకూడదు, వేరేవాళ్లు ఎవరైనా పెట్టాలి.